శిక్ష పెంచితే నేరం తగ్గుతుందా? అణుబాంబు లెక్క కోర్టులో ఎందుకు కుదరదు?

ప్రశ్న వేసినవారు లా రెండో సంవత్సరం చదువుతున్నారు, కాలేజీలో ఈ విషయం మీద డిబేట్ ఉందట. అడిగింది కుదించి చెబితే ఇదీ: శిక్షలు కఠినంగా ఉంటే జనం భయపడి నేరాలు మానేస్తారనే మాటలో ఎంత నిజముంది? నలుగురూ భయపడాలని ఒకణ్ణి శిక్షించడం న్యాయమేనా? దేశ రక్షణలో "మా జోలికొస్తే మీరూ మిగలరు" అనే బెదిరింపును అందరూ ఒప్పుకుంటున్నప్పుడు అదే సూత్రాన్ని నేరాల విషయంలో ఎలా తప్పుపడతారు? అణ్వాయుధాలు కావాలంటూ ఉరిశిక్ష వద్దనేవాళ్ళది వైరుధ్యం కాదా?

ముందు సూటిగా జవాబు. భయం పనిచేస్తుంది. అయితే మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేది "దొరికిపోతాను" అనుకున్నప్పుడు. శిక్ష ఏడేళ్ళా పద్నాలుగేళ్ళా అన్నది ఆ తర్వాతి లెక్క, చాలామంది దాకా ఆ లెక్క రానే రాదు. దేశాల మధ్య కూడా ఇంచుమించు ఇంతే, బాంబు ఎంత పెద్దదన్న దానికంటే ఎదురుదెబ్బ తప్పదన్న నమ్మకమే ఆపుతుంది. ఇక న్యాయం సంగతంటారా, ఇతరులు భయపడతారన్న ఒక్క కారణంతో ఎవరికీ శిక్ష వేయకూడదు. రుజువైనవాడికి, చేసిన నేరానికి తగినంత. ఆ హద్దు లోపల భయానికి చోటుంది, కానీ హద్దు గీసే పని భయానికి అప్పజెప్పకూడదు.

నేను విశాఖ వైపు సెషన్స్ కోర్టుల్లో చాలా ఏళ్ళుగా ముద్దాయిల తరఫున వాదిస్తున్నాను. నా దగ్గరకొచ్చే వాటిలో ఎక్కువ గంజాయి కేసులే, కాబట్టి ఉదాహరణలు అక్కడి నుంచే ఎక్కువ వస్తాయి.

ముందుగా, భయం అసలు పనిచేయదనే వాదన తీసుకోకండి, డిబేట్‌లో ఓడిపోతారు. 1944 సెప్టెంబరులో డెన్మార్క్‌ను ఆక్రమించి ఉన్న జర్మన్లు అక్కడి పోలీసు శాఖను రద్దు చేసి వేలమందిని నిర్బంధించారు. చట్టంలో ఒక్క శిక్ష కూడా తగ్గలేదు, అయినా దోపిడీలు, దొంగతనాలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. 1969 అక్టోబరు 7న కెనడాలోని మాంట్రియల్‌లో పోలీసులు సమ్మె చేస్తే ఆ ఒక్కరోజులోనే బ్యాంకులు దోచుకున్నారు, దుకాణాల అద్దాలు పగలగొట్టి సరుకు ఎత్తుకెళ్ళారు, చివరికి సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది. రెండు చోట్లా శిక్షలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, పట్టుకునేవాడు మాత్రం లేడు. 1764లోనే ఇటలీకి చెందిన బెకారియా ఈ మాట రాశాడు. శిక్ష క్రూరంగా ఉండటం వల్ల కాదు, తప్పించుకోలేనిదిగా, వెంటనే పడేదిగా ఉండటం వల్లే నేరం ఆగుతుందని.

బ్రిటన్‌లో 1967లో తాగి బండి నడిపేవాళ్ళని ఊపిరి పరీక్షతో పట్టుకునే చట్టం తెచ్చారు. మొదట ప్రమాదాలు బాగా తగ్గాయి, అడుగడుగునా పోలీసులు గొట్టం పట్టుకుని నిలబడి ఉంటారని డ్రైవర్లు నమ్మారు కాబట్టి. మెల్లగా పరీక్షలు తాము అనుకున్నంత తరచుగా జరగవని తెలిసిపోయింది, మళ్ళీ పాత దారి పట్టారు. మన దగ్గరా ఇదే. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి, తాగి నడిపితే మొదటిసారికి జరిమానాను 2,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఆ అంకె చూసి తాగుడు మానినవాణ్ణి నేను చూడలేదు. వరసగా వారం రోజులు ఒకే రోడ్డులో రాత్రిపూట చెకింగ్ పెడితే మాత్రం పార్టీకి వచ్చినవాళ్ళు బండి అక్కడే వదిలేసి క్యాబ్ బుక్ చేసుకుంటారు. చెకింగ్ ఆపిన మర్నాటి నుంచి యథాప్రకారం.

ఇప్పుడు గంజాయి విషయానికొస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి ప్రయోగశాల మన రాష్ట్రంలో లేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు పదార్థాల చట్టం, మన దేశంలో ఉన్న కఠినమైన చట్టాల్లో ఒకటి. గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష 10 ఏళ్ళు, గరిష్ఠం 20 ఏళ్ళు, కనీసం లక్ష రూపాయల జరిమానా. కనీసం అంటే జడ్జికి జాలేసినా తొమ్మిదేళ్ళు వేయడానికి లేదు. పైగా సెక్షన్ 37 ఉంది, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందని, బయటికొచ్చి మళ్ళీ చేయడని కోర్టుకు తృప్తి కలిగితేనే బెయిల్. అంటే తీర్పు రాకముందే ఏళ్ళ తరబడి లోపల ఉండటం. కొన్ని ఇతర మత్తు పదార్థాలు పెద్ద మోతాదులో రెండోసారి దొరికితే తప్పనిసరిగా ఉరి అని 1989లో ఒక సెక్షన్ చేర్చారు. తప్పనిసరి అనడం చెల్లదని 2011లో బొంబాయి హైకోర్టు అన్నాక, 2014లో దాన్ని జడ్జి విచక్షణకు వదిలారు. భయపెట్టడమే పని అయితే ఇంతకంటే ఏం కావాలి?

మరి ఎవరు భయపడ్డారు?

పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సరుకు ఉన్న జీపును నర్సీపట్నం దాటించే పని. ములాఖత్‌లో కూర్చోబెట్టి అడిగాను, ఇందులో ఎన్నేళ్ళు పడుతుందో తెలిసే ఎక్కావా అని. "కేసవుతాదని తెలుసు సార్, మూణ్ణెల్లు ఉంటాదన్నారు, తర్వాత వాళ్ళే లాయర్ని పెట్టి తీసుకొస్తామన్నారు" అన్నాడు. ఇరవై కిలోల గీత ఒకటుందని అతనికి తెలియదు. వెనకాల మూటల్లో ఎన్ని కిలోలున్నాయో కూడా సరిగ్గా తెలియదు. సంక్రాంతికి ఇంటికెళ్తానా అని రెండుసార్లు అడిగాడు. పార్లమెంటు ఎవరినో ఉద్దేశించి పదేళ్ళని రాసింది, ఆ కబురు మాత్రం ఇతని చెవిన పడలేదు.

ఆ కబురు తెలిసినవాళ్ళు లేకపోలేదు. సరుకు కొనేవాడికి, పంపించేవాడికి గ్రాముల్తో సహా తెలుసు. అందుకే వాళ్ళు మూట దగ్గర ఉండరు, ఫోన్లో ఉంటారు, చార్జిషీటులో "పరారీలో ఉన్న ముద్దాయి" అని ఒక పేరుగా మిగిలిపోతారు. ఇంకొందరు సరుకును చిన్న చిన్న బ్యాగుల్లో సర్ది, ఒక్కొక్కరి దగ్గర 20 కిలోల లోపే ఉండేట్టు వేర్వేరు రైళ్ళలో, వేర్వేరు బోగీల్లో పంపిస్తారు. వాణిజ్య పరిమాణం కాకపోతే సెక్షన్ 37 అడ్డు రాదని వాళ్ళకి తెలుసు. శిక్ష భయం ఇక్కడ పనిచేసింది, కాకపోతే నేరం ఆగలేదు, నేరం చేసే పద్ధతి మారింది. భారం వచ్చి మోసేవాడి మీద పడింది. విశాఖ సెంట్రల్ జైలుకు వెళ్ళి చూస్తే గంజాయి కేసుల్లో రిమాండ్‌లో ఉన్నవాళ్ళే పెద్ద సంఖ్యలో కనిపిస్తారు, వాళ్ళలో డ్రైవర్లు, కూలీలు, గిరిజన కుర్రాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. శిక్ష పెరిగేకొద్దీ అది పడే అవకాశం తగ్గుతుంది. పుస్తకాల్లో దీనికి పాత ఉదాహరణ ఇంగ్లండ్. పద్దెనిమిదో శతాబ్దం చివరికొచ్చేసరికి అక్కడ దాదాపు రెండు వందల నేరాలకు ఉరి ఉండేది. ఇంట్లోంచి 40 షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలించినా ఉరే. జ్యూరీలో కూర్చున్న మామూలు మనుషులకు ఇంత చిన్న దొంగతనానికి ప్రాణం తీయడానికి మనసొప్పేది కాదు. అందుకని సొత్తు విలువ 39 షిల్లింగులని తేల్చేవారు. ఒక్కోసారి దొంగిలించింది డబ్బే అయినా, కళ్ళముందు లెక్కపెట్టి చూపించినా, 39 అనే అనేవారు.

మన కోర్టులో జ్యూరీ లేదు, కానీ ఇలాంటిదే వేరే దారిలో జరుగుతుంది. శిక్ష ఎంత తీవ్రమైతే చట్టం చెప్పిన పద్ధతిని అంత కచ్చితంగా పాటించి ఉండాలని సుప్రీంకోర్టు 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనంగా చెప్పింది, అది న్యాయమే. ఇప్పుడు ఒక విచారణ ఎలా నడుస్తుందో చూడండి. అర్ధరాత్రి ఘాట్ రోడ్డులో బండి ఆపారు, మధ్యవర్తులుగా ఊళ్ళోంచి ఇద్దరు చిన్న ఉద్యోగుల్ని పిలిపించారు, తూకం వేశారు. మూట బరువు తీసేసి తూచారా, కలిపి తూచారా అన్నది రిపోర్టులో ఉండదు. మనిషిని సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి ఎదుటగానీ మేజిస్ట్రేటు ఎదుటగానీ సోదా కోరే హక్కుందని చెప్పారా అంటే చెప్పామని అందరి కాగితాల్లో ఒకే వాక్యం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. శాంపిల్స్ మేజిస్ట్రేటు ఎదుట తీయాలి, రోడ్డు మీదే తీసేస్తారు. మూడు నాలుగేళ్ళ తర్వాత కానిస్టేబుల్ బోనెక్కితే ఏ మూటలోంచి ఏ శాంపిల్ తీశారో గుర్తుండదు, సీలు మీద ఎవరి సంతకం ఉందో గుర్తుండదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో పావుగంట చాలు. కేసు కొట్టేస్తారు. 21 కిలోలా 19 కిలోలా అన్న దాని మీద ఒక మనిషి జీవితంలో పదేళ్ళు ఆధారపడి ఉన్నప్పుడు ఏ జడ్జీ "పర్లేదులే" అనుకోడు.

నా క్లయింట్లకు అది మేలే, నా పని అదే. కానీ డిటరెన్స్ కళ్ళతో, అంటే భయంతో నేరాన్ని ఆపడం అన్న కోణంలో చూస్తే ఎంత ఘోరమో ఆలోచించండి. నేరం చేయనివాడు ఉంటే నాలుగేళ్ళు జైల్లో మగ్గి బయటికొస్తాడు, చేసినవాడు కూడా అదే నాలుగేళ్ళకు బయటికొస్తాడు. చూస్తున్న ఊరికి అర్థమయ్యేది "పట్టుబడటం మన ఖర్మ" అని, అంతే. చేసినదానికీ పడినదానికీ సంబంధం కనిపించకపోతే భయం ఎలా పుడుతుంది?

పాడేరు వైపు ఆ కొండ ప్రాంతంలోనే, అంటే ఏజెన్సీలో, భయం పనిచేసిన సందర్భం కూడా ఉంది. 2021 చివర్లో "ఆపరేషన్ పరివర్తన" అని పోలీసులు ఊరూరా తిరిగి వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికి తగలబెట్టారు. తర్వాత డ్రోన్లు ఎగరేసి కొండల వెనక వేసిన తోటల్ని కూడా వెతికారు. మరోపక్క కాఫీ, మిరియాలు, రాజ్‌మా లాంటి పంటలకు సాయం చేస్తామన్నారు. ఆంధ్ర వైపు సాగు బాగా తగ్గింది, ఇప్పుడు నా దగ్గరకొచ్చే కేసుల్లో సరుకు ఎక్కువగా ఒడిశా వైపు నుంచి దిగుతున్నదే. చట్టం మారలేదు, శిక్ష పెరగలేదు. మారిందల్లా తోట వేస్తే కోతకు రాకముందే ఎవరో ఒకరు వచ్చి నరుకుతారన్న నమ్మకం, వేయకపోతే బతకడానికి ఇంకో దారి ఉందన్న ఆశ. మీ డిబేట్‌కి ఒక్క ఉదాహరణ చాలనుకుంటే ఇది తీసుకోండి. రవాణాకి ఇది ఎందుకు వర్తించలేదంటే, తోట కదలదు, మూట కదులుతుంది.

ఒక మినహాయింపు చెప్పాలి. లెక్కలేసుకుని చేసే నేరాల్లో, అంటే పన్ను ఎగవేత, కల్తీ, చెక్కు మోసాల్లో, శిక్ష పరిమాణం కొంత పనిచేస్తుంది, వాళ్ళు నిజంగానే కూర్చుని లెక్కేసుకుంటారు కాబట్టి. అయితే వాళ్ళ లెక్కలో శిక్ష కంటే వాయిదాలే పెద్ద అంకె. చెక్ బౌన్స్ కేసులో రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు జరిమానా ఉన్నా, ఎగ్గొట్టదలచుకున్న వ్యాపారి అడిగే మొదటి ప్రశ్న "సార్, ఎన్నాళ్ళు లాగొచ్చు?" అనే. జైలు గురించి అడిగేది తర్వాత. అందుకే 2018లో, విచారణ నడుస్తుండగానే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే వీలు కల్పించారు. ఆ సవరణ చేసినవాళ్ళకి డిటరెన్స్ ఎక్కడ ఉంటుందో తెలుసు.

ఇప్పుడు ఉరి. హత్యలు చాలావరకు కోపంలోనో, మత్తులోనో, భూమి గట్టు దగ్గరో, అనుమానంతోనో జరుగుతాయి. ఆ క్షణంలో ఉరికీ యావజ్జీవానికీ తేడా ఎవరూ బేరీజు వేసుకోరు. పథకం వేసి చంపేవాడు దొరకనన్న ధీమాతోనే వేస్తాడు. అమెరికాలో 1975లో ఎర్లిక్ అనే ఆర్థికవేత్త ఒక్కో ఉరి ఎనిమిది హత్యల్ని ఆపుతుందని లెక్కగట్టి పెద్ద దుమారం లేపాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు అటూ ఇటూ అధ్యయనాలు వచ్చాయి. చివరికి 2012లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వాటన్నిటినీ పరిశీలించి, ఉరి హత్యలను తగ్గిస్తుందనిగానీ పెంచుతుందనిగానీ చెప్పడానికి ఈ అధ్యయనాలు పనికిరావని తేల్చింది. కెనడా 1976లో ఉరి తీసేసింది, తర్వాతి దశాబ్దాల్లో అక్కడ హత్యల రేటు తగ్గుతూ వచ్చింది. ఉరి తీసేయడం వల్లే తగ్గిందని నేననను, తీసేస్తే దేశం అల్లకల్లోలమైపోతుందన్న భయం మాత్రం నిజం కాలేదు. మన దగ్గర 1967లో లా కమిషన్ ఉరి ఉండాలంది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు "అత్యంత అరుదైన వాటిలో అరుదైన" కేసులకే అని హద్దు పెట్టి ఉంచింది. 2015లో అదే లా కమిషన్, ఉగ్రవాద నేరాలు, దేశం మీద యుద్ధం చేయడం తప్ప మిగతా అన్నిటికీ ఉరి తీసేయమంది, యావజ్జీవం కంటే ఉరి ఎక్కువ భయపెడుతుందనడానికి ఆధారం లేదని చెప్పింది.

అత్యాచారం విషయంలో ఇంకో చిక్కు ఉంది, ఇది నలుగురికీ తెలియాలి. ఇటీవలి సంవత్సరాల జాతీయ నేర గణాంకాలు చూస్తే నిందితుల్లో పదింట తొమ్మిదికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్ళే, బంధువు, పక్కింటివాడు, పెళ్ళి చేసుకుంటానన్నవాడు. శిక్ష ఉరి అని తెలిస్తే ఆ ఇంట్లోనే ఆ పిల్ల నోరు నొక్కేస్తారు, "మావయ్యని చంపిస్తావా" అని. ఎలాగూ ఉరే అనుకున్నవాడు సాక్ష్యం మిగలకుండా చంపేసే ప్రమాదమూ ఉంది. 2013లో జస్టిస్ వర్మ కమిటీ అత్యాచారానికి ఉరి సిఫార్సు చేయలేదు. అయినా 2018లో పన్నెండేళ్ళ లోపు పిల్లల విషయంలో ఉరి చేర్చారు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ రెండూ అయిపోవాలని. అది రాష్ట్రపతి ఆమోదం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. త్వరగా తేల్చాలన్న ఆలోచనలో తప్పులేదు, బెకారియా చెప్పిందీ అదే. కానీ ల్యాబులు, జడ్జీలు, ప్రాసిక్యూటర్లు పెరగకుండా గడువు మాత్రం రాస్తే ఆ హడావిడిలో దర్యాప్తు ఎలా ఉంటుందో గంజాయి కేసుల్లో రోజూ చూస్తున్నాను.

ఇక న్యాయం గురించి మీరడిగిన అసలు ప్రశ్న. నలుగురూ భయపడటమే శిక్షకు సమర్థన అనుకుందాం. అప్పుడు శిక్ష పడ్డవాడు నిజంగా చేశాడా అన్నది అంత ముఖ్యం కాకుండా పోతుంది, చేశాడని జనం నమ్మితే చాలు. ఇది తరగతి గదిలో వేసుకునే ఊహ అనుకుంటారేమో. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున హైదరాబాద్‌కు దగ్గర్లోని షాద్‌నగర్ వద్ద చటాన్‌పల్లిలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు, విచారణ మొదలు కాకముందే. జనం అక్కడికొచ్చి పోలీసుల మీద పూలు చల్లారు. "ఇప్పుడు భయం పుడుతుంది" అన్నది ఆరోజు అందరి నోటా వినిపించిన మాట. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే నాకూ కడుపు మండుతుంది. కానీ ఆ నలుగురిలో ఎవరు ఏం చేశారో సాక్ష్యంతో తేలే అవకాశం ఇక ఎప్పటికీ లేదు. భయం కోసం శిక్ష అన్న సూత్రాన్ని హద్దు లేకుండా వదిలితే చేరేది ఇక్కడికే. జర్మన్ తత్వవేత్త కాంట్ అభ్యంతరం కూడా ఇదే, మనిషిని ఇతరుల ప్రయోజనానికి పనిముట్టుగా వాడుకోకూడదని. మీ సిలబస్‌లో ఆయన ఉంటాడు, చటాన్‌పల్లి ఉండకపోవచ్చు. డిబేట్‌లో రెండూ కలిపి చెప్పండి.

రక్షణ విషయానికి వద్దాం. నేనుండే ఊరే దీనికి సాక్ష్యం. 2009 జులై 26న విశాఖలోనే అరిహంత్ అణు జలాంతర్గామిని నీళ్ళలోకి దించారు, 2024 ఆగస్టులో రెండోది అరిఘాత్ ఇక్కడే నౌకాదళంలో చేరింది. వీటి పని ఏమిటి? భారత్ 2003లో ప్రకటించిన విధానం ప్రకారం అణ్వాయుధాన్ని మనం ముందు వాడం, మన మీద వాడితే మాత్రం తట్టుకోలేనంత ఎదురుదెబ్బ ఉంటుంది. శత్రువు మొదటి దెబ్బలోనే మన విమానాల్నీ క్షిపణుల్నీ నాశనం చేస్తే ఆ మాటకు విలువ లేదు. సముద్రం అడుగున ఎక్కడుందో తెలియని జలాంతర్గామి ఉంటే ఆ ఆశ పోతుంది. గమనించండి, జలాంతర్గామి వల్ల బాంబు పెద్దది కాలేదు, ఎదురుదెబ్బ తప్పనిది అయింది. ఏజెన్సీలో డ్రోన్ చేసిన పనే ఇక్కడ జలాంతర్గామి చేస్తోంది.

39 షిల్లింగుల సమస్య కూడా ఇక్కడ కనిపిస్తుంది. 1998 మేలో భారత్, పాకిస్తాన్ రెండూ అణుపరీక్షలు చేశాయి. ఏడాది తిరక్కుండానే కార్గిల్ వచ్చింది. తర్వాత 2001లో పార్లమెంటు మీద దాడి, 2008లో ముంబై, 2019లో పుల్వామా, 2025లో పహల్గామ్. చొరబాటుకో, ఉగ్రదాడికో జవాబుగా ఎవరూ అణుబాంబు వేయరని అవతలివాళ్ళకి తెలుసు. మరీ పెద్ద బెదిరింపు చిన్న నేరానికి చెల్లదు. అందుకే 2019లో బాలాకోట్, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ లాంటి, నిజంగా అమలు చేయగలిగిన మధ్యస్థాయి జవాబుల వైపు దేశం వెళ్ళింది. అవి ఎంతవరకు ఆపుతాయన్నది రక్షణ నిపుణులు చర్చించుకోవాల్సిన విషయం. తగిన మోతాదు ఉన్న జవాబే నమ్మకం కలిగిస్తుందన్న దాకా మాత్రం క్రిమినల్ లాయరుగా నాకు బాగా అర్థమవుతుంది.

అయితే తేడాలు కూడా పెద్దవే, మీ చివరి ప్రశ్నకు జవాబు అక్కడుంది. దేశాల మధ్య బెదిరింపు వినేవాళ్ళు కొద్దిమంది, దాన్ని చదవడమే వాళ్ళ ఉద్యోగం. భారత్, పాకిస్తాన్ 1988లో ఒక ఒప్పందం చేసుకుని, 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణుస్థావరాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, యుద్ధం అంచుల దాకా వెళ్ళిన సంవత్సరాల్లో కూడా ఆపలేదు. ఏ గీత దాటకూడదో ఇద్దరికీ అంత స్పష్టంగా తెలుసు. నా పాడేరు కుర్రాడికి ఇరవై కిలోల గీత ఎవరూ చెప్పలేదు.

రెండోది, అణ్వాయుధం వాడకుండా ఉన్నంతకాలమే అది గెలిచినట్టు. శిక్ష అలా కాదు. భయం పనిచేయని ప్రతిసారీ దాన్ని ఒక మనిషి మీద అమలు చేస్తాం, రోజూ, ప్రతి జిల్లా కోర్టులో. ఒక బెదిరింపును బీరువాలో పెట్టుకోవడమూ, ఒక మనిషి మెడకు తాడు వేయడమూ ఒకే తూకం తూగవు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. దేశాల మీద ఇంకో పోలీసు లేడు, వారంటు ఇచ్చి పట్టుకొచ్చే కోర్టు లేదు. వేరే దారి లేక ఆ బెదిరింపు పెట్టుకున్నాం, అదీ భారంగానే పెట్టుకోవాలి, ఎందుకంటే దాని గురిలో ఉన్నది అవతలి ఊళ్ళలోని ఏ పాపం తెలియని జనం, వాళ్ళ గురిలో ఉన్నది మేం. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక వ్యవస్థ అమెరికా క్షిపణులు వస్తున్నాయని తప్పుగా చూపిస్తే, డ్యూటీలో ఉన్న పెట్రోవ్ అనే అధికారి అది నమ్మకపోవడం వల్ల ప్రపంచం ఒక గండం గడిచింది. అలాంటి పొరపాటు ఎప్పుడైనా జరగొచ్చు కాబట్టే ముందు వాడం అన్న మాటను నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ ప్రభుత్వానికి తన పౌరుడి విషయంలో ఇలాంటి నిస్సహాయత లేదు. పోలీసు ఉన్నాడు, ల్యాబు ఉంది, కోర్టు ఉంది, జైలుంది, ఏజెన్సీలో కాఫీ మొక్కలిచ్చే శాఖ కూడా ఉంది. ఇన్ని ఉన్నవాడు చంపుతానని బెదిరించడమే దిక్కు అనడం నేనొప్పుకోను. అందుకే అణ్వాయుధాలను ఒప్పుకుంటూ ఉరిని వ్యతిరేకించడంలో నాకు వైరుధ్యం కనిపించదు. అవతలి టీం ఈ ప్రశ్న వేస్తే ఈ మూడో తేడాతోనే మొదలుపెట్టండి, మొదటి రెండింటికీ వాళ్ళ దగ్గర ఏదో ఒక జవాబు ఉంటుంది.